తిరిగివచ్చిన సొమ్ము ఆదాయమా?

పన్నులమాట చెవిని బడినంతనే "అది మగవారి వ్యవహారము" అని లేచి వంటయింటిలోనికి పోవుట మనలో పెక్కుమందికి వాడుక. నేనును మొన్నమొన్నటి వఱకు నట్లే పోవుచుండెడిదానను. ఆ యలవాటునకు నేను చెల్లించిన మూల్యము అక్షరాల 8,640 రూపాయలు. ఉపాధ్యాయుని సంసారమున నిది చిన్న మొత్తము కాదు. నావలె మఱియొక సోదరి నష్టపడకుండుటకును, ఈ వ్యవహారమున నాకు గలిగిన యొక ధర్మసందేహమును మీ ముందుంచుటకును ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా నాయనగారు తమ భూమిలో కొంత విక్రయించి, 2021 ఏప్రిలు నెలలో నా పేర ఎనిమిది లక్షల రూపాయలు ఒక బ్యాంకునందు అయిదేండ్ల గడువునకు నిలువ వేయించిరి. వడ్డీ నూటికి 5 రూపాయల 40 పైసలు. ఏడాదికి 43,200 రూపాయలు. మూడుమాసములకొకసారి యా వడ్డీ నా ఖాతాలో జమ యగుచుండెను. చెప్పినదానికంటె కొంచెము తక్కువగా బడుచున్నదని నాకు దోచకపోలేదు. అయినను అడిగినదానను కాను. అడుగుట పుట్టింటి సొమ్మునకు లెక్కలు కట్టినట్లుండునని సంకోచము. అడిగిన నాకేమి తెలియుననెడి జంకు మఱియొకటి.

2024 మే నెలలో బ్యాంకుపుస్తకము ముద్ర వేయించుకొని వచ్చి, మధ్యాహ్నవేళ తీరికగా గూర్చుండి యొక్కొక్క పద్దే చదివితిని. వడ్డీ పద్దు క్రిందనే 'టీ.డీ.యెస్.' అని మూడక్షరములు, వానికెదుట కోతపడిన సొమ్ము కనబడెను. సాయంకాలము మావారు బడినుండి రాగానే చూపితిని. వారు కొంతసేపు చూచి, "ఇది ఆదాయపుపన్ను క్రింద ముందుగనే పట్టుకొన్న సొమ్ము. నీవు పన్ను చెల్లింపవలసినదానవే కావు. ఇది నీకు తిరిగి రావలసినది. ఇన్నేండ్లు నేనును చూడనైతిని" అని నొచ్చుకొనిరి.

విషయమేమన, ఆ కాలపు నిబంధన ప్రకారము ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 40,000 రూపాయలు దాటినచో నూటికి పదివంతున పన్ను పట్టి, మిగిలినది మాత్రమే ఇచ్చుచుండిరి. 2025 ఏప్రిలు నుండి యీ హద్దు 50,000 అయినది. నా వడ్డీ 43,200. అందు పదియవవంతు 4,320. నాకు వేఱు ఆదాయము లేదు. ఆ సంవత్సరమున మూడులక్షల లోపు ఆదాయము గలవారికి పన్నే లేదు. ఏటి మొదటనే '15-జి' అను పత్రముపై వ్రాలు చేసి బ్యాంకున నిచ్చియున్నచో వారు పట్టుకొనకనే యుందురు. నేనియ్యలేదు. పట్టుకొన్నపిమ్మట దానిని రాబట్టుకొనుటకు మార్గము ఆదాయపు లెక్క దాఖలు చేయుటయే. అదియు చేయలేదు. పన్ను లేనివారికి లెక్కతో పనిలేదని మా యిద్దఱి నమ్మకము. పన్ను లేకపోవుట వేఱు, పట్టుకొన్న పన్ను తిరిగి యడుగుట వేఱు అని యప్పుడు తెలిసినది.

అప్పటికే రెండేండ్ల గడువులు దాటిపోయినవి. రెండు నాలుగువేల మూడువందల యిరువదులు, వెరసి 8,640 రూపాయలు చేయిదాటినవి. మూడవ సంవత్సరపు లెక్కను మాత్రము 2024 జులైలో, గడువు దాటకమునుపే, మావారు ప్రక్కన గూర్చుండగా నేనే ఫోనునందు నింపి, ఆధారు సంఖ్యకు వచ్చిన రహస్యాంకముతో నిజపఱచితిని. సెప్టెంబరు నెలలో సొమ్ము వచ్చినది. అసలు 4,320. దానిపై వడ్డీ 129. పదులకు సరిచేసి 4,450 రూపాయలు నా ఖాతాలో బడినవి.

ఆ 129 ఎట్లు వచ్చెనని మీరడుగుదురు. ప్రభుత్వమువారు మన సొమ్మును తమవద్ద నుంచుకొన్నందులకు నెలకు నూటికి అర్ధరూపాయి వడ్డీ యిత్తురు. లెక్కకు వందలు మాత్రమే గ్రహించి చిల్లర విడుతురు గనుక 4,320 స్థానమున 4,300. ఏప్రిలు మొదలు సెప్టెంబరు వఱకు ఆఱు నెలలు. నూటికి మూడు రూపాయలు. వెరసి 129. నాకు తెలిసిన త్రైరాశికమే యిది. ఇందు బ్రహ్మవిద్య యేమియు లేదు.

సొమ్ము వచ్చినదని విని మా అత్తగారు సంతోషించి, "పుట్టింటి డబ్బు దారితప్పి మళ్ళీ ఇంటికొచ్చింది" అని దేవునికి దండము పెట్టిరి. నేను మాటవరుసకు, "ఇందులో 129 రూపాయలు వచ్చే యేడు ఆదాయములో చూపవలెనట, అత్తగారూ" అంటిని. ఆమె చేతిలోని చేట దించి, "ఏటమ్మా, మన సొమ్ము మనకొస్తే దానికీ పన్నేటి?" అనిరి. ఈ ప్రశ్న చాల సూటియైనది. అప్పటికి నేను నవ్వి యూరకుంటిని గాని, సమాధానము నాకును స్పష్టముగ దెలియదు.

ఇంతలో 2025 ఫిబ్రవరిలో, రథసప్తమి రద్దీ తగ్గి మా యరసవల్లి వీథులు మరల తెఱపిన పడిన దినములలో, అమెరికాలోని నార్త్ కెరొలైనా రాష్ట్రమున నుండు మా చెల్లెలి యొద్దనుండి దీర్ఘమైన జాబు ఫోనులో వచ్చినది. దాని సారాంశమిది. "అక్కా, ఇక్కడ మాకు రెండు పన్నులు. రాష్ట్రమువారి దొకటి, కేంద్రమువారి దొకటి. నిరుడు రాష్ట్రమువారు ఎక్కువ పట్టుకొంటిమని 900 డాలరులు తిరిగి యిచ్చిరి. ఇప్పుడు '1099-జి' అను కాగితము పంపి, ఈ సంగతి కేంద్రమువారికిని తెలిపితిమనిరి. మీ మఱిది దానిని ఆదాయములో చూపవలెననుచున్నాడు. మన డబ్బు మనకు వచ్చినచో ఆదాయమెట్లగునని నేను. మాటకు మాట పెరిగి రెండు దినములనుండి సరిగా పలుకుకొనుట లేదు. ఇంటి పద్దులు వ్రాసెడిదానవు నీవు. నీవే చెప్పుము."

సముద్రముల కావలనున్న చెల్లెలును, నా ప్రక్కనే చేట పట్టుకొన్న అత్తగారును ఒక్కమాటయే అడిగిరి. వీరిద్దఱకు నొక్కటే సమాధానము చెప్పవచ్చునా యని నాకు కుతూహలము కలిగెను. నాలుగు దినములు మావారితో గూర్చుండి చదివి, తుదకు నా చిట్టాపుస్తకములోనే దానిని గనుగొంటిని.

సోదరీమణులారా, మనము నిత్యము వ్రాసెడి పద్దునే చూడుడు. పాలవానికి నెలకు 1,500 రూపాయలిచ్చి ఖర్చు వ్రాసితిననుకొనుడు. లెక్కతప్పినదని మఱుసటినెల వాడు 100 తిరిగి యిచ్చెను. ఈ నూఱు నేను జమ వ్రాయవలెనా? తప్పక వ్రాయవలెను. లేనిచో మొదట వ్రాసిన 1,500 ఖర్చు అబద్ధమగును. అట్లు గాక, ఆ సొమ్ము ఖర్చు వ్రాయకయే పెట్టెలోనుండి తీసి యిచ్చి, మరల పెట్టెలో వేసికొంటినా, జమ వ్రాయవలసిన పనిలేదు. కాబట్టి తిరిగివచ్చిన సొమ్ము ఆదాయమా కాదా యని దాని మొగము చూచి చెప్పరాదు. పోయినప్పుడు దానిని మనమేమని వ్రాసితిమో యది చూచి చెప్పవలెను.

అమెరికావారి నియమమును సరిగా నిదే. అచ్చట 1913లో రాజ్యాంగ సవరణచే ఆదాయపుపన్ను స్థిరపడినది. కేంద్రమునకు లెక్కచెప్పునప్పుడు ఆదాయములోనుండి కొంత తగ్గించుకొనుటకు రెండు దారులు గలవు. ఒకటి, అందఱకు నిర్ణయించిన మొత్తమును ఏ వివరమును చెప్పక తగ్గించుకొనుట. దంపతులకు కలిపి 2023వ సంవత్సరమునకు అది 27,700 డాలరులు. రెండవది, రాష్ట్రమునకు గట్టిన పన్ను, ఇంటిపన్ను, ఇంటియప్పు వడ్డీ, దానధర్మములు మొదలగువానిని పద్దులవారీగా వ్రాసి తగ్గించుకొనుట. మొదటిదారిని బోయినవారు రాష్ట్రపుపన్నును ఖర్చుగా వ్రాయనేలేదు గనుక, అది తిరిగివచ్చినను కేంద్రమునకు ఆదాయము కాదు. రెండవదారిని బోయినవారు దానిని ఖర్చు వ్రాసి లాభము పొందిరి. ఆ లాభము పొందినంత మేరకు తిరిగివచ్చినది ఆదాయమగును. అంతకు మించి కాదు.

మా చెల్లెలిని 2023 పద్దులు పంపుమంటిని. రాష్ట్రపు ఆదాయపుపన్ను 7,000, ఇంటిపన్ను 2,500, ఇంటియప్పు వడ్డీ 17,000, దానధర్మములు 2,000. వెరసి 28,500. వారు పద్దులవారీ దారినే పోయిరి. అందఱికి నిచ్చెడి 27,700 కంటె వారికి గలిసివచ్చినది 800 మాత్రమే. నిజముగ కట్టవలసిన రాష్ట్రపుపన్ను 6,100 అని ముందే తెలిసియున్నచో, పద్దుల మొత్తము 27,600 అయి, వారు మొదటిదారినే పట్టి 27,700 తగ్గించుకొని యుందురు. కాబట్టి 900 తిరిగివచ్చినను అందు ఆదాయము 800. తక్కిన 100 కాదు. వారి తరగతికి నూటికి 22 వంతున పన్ను 176 డాలరులు.

మఱియొక వింత గలదు. రాష్ట్రమునకును ఊరికిని గట్టిన పన్నులను తగ్గించుకొనుటకు అచ్చట హద్దు గలదు. 2018 మొదలు 2024 వఱకు అది 10,000 డాలరులు. 2025 సంవత్సరమునకు 40,000 చేసిరి. 2023లో ఎవరేని యట్టి పన్నులు 16,000 కట్టి 10,000 మాత్రమే వ్రాసికొన్నవారికి 900 తిరిగివచ్చినచో, నిజమైన పన్ను 15,100 అయినను వ్రాసికొనునది 10,000 లే. అదనపు లాభమేమియు లేదు గనుక ఆదాయమును లేదు. టెక్సాసువంటి రాష్ట్రములలో వేతనములపై రాష్ట్రపు ఆదాయపుపన్నే లేదు గనుక అచ్చటివారికి ఈ ప్రశ్నయే పుట్టదు. ఇక కేంద్రమువారు తమ పన్నునే తిరిగి యిచ్చినచో, దానిని ఖర్చుగా వ్రాయుట కెన్నడును వీలులేదు గనుక అది యాదాయము కాదు. దానిపై నిచ్చు వడ్డీ మాత్రము ఆదాయమే.

ఈ కడపటి వాక్యమే మా అత్తగారి ప్రశ్నకు సమాధానము. మన దేశమున వేతనములపైనను వడ్డీపైనను ఆదాయపుపన్ను కేంద్రముదే. దానిని మన లెక్కలో ఖర్చుగా తగ్గించుకొన వీలులేదు. కాబట్టి తిరిగివచ్చిన 4,320 నా పెట్టెలోని సొమ్ము మరల పెట్టెలో పడుటయే; ఆదాయము కాదు. 129 అట్లు కాదు. అది ముందు నాకు లేదు. నా సొమ్ము పరులయొద్ద నుండుటచే క్రొత్తగా పుట్టినది. ఆవు మనదే యయినను దూడ క్రొత్తదిగదా! అది వచ్చిన సంవత్సరపు ఆదాయములో 'ఇతర మార్గముల ఆదాయము' క్రింద చూపవలెను.

రాష్ట్రమునకు మనము గట్టెడి దానిలో అమెరికావారి పన్నునకు దగ్గఱ చుట్టము వృత్తిపన్ను. రాజ్యాంగము 276వ అధికరణము దీని నంగీకరించి, మనిషికి ఏడాదికి 2,500 రూపాయలు మించరాదన్నది. 1988 సవరణకు ముందు ఆ హద్దు 250. మన రాష్ట్రమున 1987 చట్టము క్రింద మావారి జీతములో నెలకు 200, ఏడాదికి 2,400 పట్టుకొందురు. ఆదాయపుపన్నులో పాతపద్ధతి నెన్నుకొన్న యుద్యోగి దీనిని జీతములోనుండి తగ్గించుకొనవచ్చును. క్రొత్తపద్ధతిలో ఆ తగ్గింపు లేదు. మా చెల్లెలి రెండు దారులవంటివే యివియు. వర్తకుల విషయమున చట్టము మఱింత స్పష్టము. కట్టిన అమ్మకపుపన్నును వ్యాపారపు ఖర్చుగా వ్రాసికొన్న వర్తకునకు అది తరువాత తిరిగివచ్చినచో, వచ్చిన యేటి ఆదాయములో కలుపుకొనవలెను. పాలవాని నూఱురూపాయల న్యాయమే అచ్చటను. 1961 నాటి ఆదాయపుపన్ను చట్టమునకు మాఱుగా 2025లో క్రొత్తచట్టము చేసి, 2026 ఏప్రిలు 1వ తేదీని అమలుదినముగా నిర్ణయించిరి. సెక్షన్ల సంఖ్యలు, పత్రముల పేరులు మాఱవచ్చును గాని చిట్టాన్యాయము మాఱదు.

ఇదంతయు చెల్లెలికి వ్రాసితిని. పనిలోపనిగా "నీ భర్త మాటలో ఎనిమిదివంతులును, నీ మాటలో ఒకవంతును నిజము గలదు" అని చేర్చితిని. ఆమె వెంటనే, "176 డాలరులకొఱకు అక్క కూడ ఆ పక్షమే చేరినది" అని నిష్ఠురమాడెను. నా మనస్సు చివుక్కుమన్నది. దూరదేశమున ఒంటరిగా నున్న చెల్లెలికి ఓదార్పు చెప్పవలసినచోట లెక్క చెప్పితినా యని ఆ రాత్రి నిదురపట్టలేదు. అయినను, అబద్ధమైన లెక్కతో దంపతులను కలుపుటకంటె నిజమైన లెక్కతో రెండు దినములు నిష్ఠురమోర్చుటయే మేలని సమాధానపడితిని.

చిన్ననాట మా నాయనగారు రఘువంశము చెప్పుచు, దిలీపమహారాజు పన్నులు గైకొనుటను కాళిదాసు సూర్యునితో పోల్చిన తావున చాలసేపు ఆగెడివారు. సూర్యుడు భూమినుండి తేమ గ్రహించునది వేయిరెట్లుగా వర్షించుటకే యని భావము. సూర్యభగవానుని యూరిలో కాపురముండి ఈ పోలికను మఱచుట యెట్లు? ఏటికి రెండుమాఱులు, మార్చిలోను అక్టోబరులోను, ఉదయకిరణములు ఆలయద్వారములు దాటి స్వామి పాదముల నంటినపుడు చూచుటకు జనము క్రిక్కిఱియుదురు. నిరుడు నాకొక సంగతి క్రొత్తగా దోచినది. లెక్కతప్పి పట్టుకొన్న సొమ్ము తిరిగివచ్చుట వర్షము కాదు. అది తప్పు దిద్దుకొనుట మాత్రమే. వర్షమనునది మావారి జీతము, వారి బడిలోని పిల్లల పుస్తకములు, మధ్యాహ్నపు అన్నము. అది యెవరెవరో కట్టిన పన్నులనుండి కురియుచున్నది. ఆ వానలో తడియుచు, నా 129 రూపాయలు దాచుకొనుట న్యాయమా?

2025లో లెక్క దాఖలు చేయునపుడు మావారు పరిహాసముగ, "దానివలన నీకు పన్నేమియు పెరుగదు. వ్రాసినను వ్రాయకున్నను ఒకటేగదా?" అనిరి. "చిట్టా వ్రాయునది పన్నుకొఱకు కాదు, నిజముకొఱకు" అని 43,200 క్రింద 129 వ్రాసితిని. కనబడకుండ పోవునది కూడ కాదది. ప్రభుత్వమువారు మన పేర నుంచిన వార్షిక సమాచారపట్టికలో అది ముందే నమోదై యున్నది!

ఇక సోదరీమణులకు నా మనవి. మీ పేర నిలువసొమ్ము ఉన్నయెడల, బ్యాంకువారు పన్ను పట్టుకొనుచున్నారేమో పుస్తకము చూచుకొనుడు. పన్ను చెల్లింపనక్కఱలేని యాదాయమైనచో, పట్టుకొనకుండుటకు నియ్యవలసిన పత్రమును ఏటి మొదటనే యిండు. పట్టుకొన్నచో గడువులోపల లెక్క దాఖలు చేయుడు. తండ్రి యిచ్చిన సొమ్ముపై కూతురికి పన్నులేదు. దాని వడ్డీ ఆమె యాదాయమే. భర్త తన జీతములోనుండి యిచ్చి భార్యపేర నిలువ వేసినదానిపై వడ్డీ మాత్రము భర్త యాదాయములో కలియును. పేరు మనదైనంతనే వడ్డీ మనది యనుకొని పత్రములపై వ్రాళ్లు చేయకుడు. గడువు దాటిన సంవత్సరములకు, ఆలస్యమును మన్నింపుమని అర్జీ పెట్టుకొను దారి గలదు. ఆయా మదింపు సంవత్సరము ముగిసిన అయిదేండ్లలోపల పెట్టవలెను. అట్లు వచ్చినదానిపై వడ్డీ యుండదు.

నా 8,640 కొఱకు నేనును అట్టి యర్జీ పెట్టితిని. ఇంకను ఉత్తరువు రాలేదు. వచ్చినచో అది ఆదాయము కాదని మా అత్తగారికి ముందే చెప్పియుంచితిని. ఆమె తల పంకించి, "అది రాకముందే నువ్వు నేర్చుకున్నావే, అదీ అసలు ఆదాయం" అనిరి.

ఏప్రిలు 14వ తేదీన చెల్లెలు ఒక్క పంక్తి వ్రాసినది. "ఎనిమిదివందలు చూపితిమి. వందకు ఇద్దఱము కలిసి భోజనమునకు పోయితిమి."